అయిదు రుచుల గ్లాసు: గోవా పెరట్లో ఒక వేసవి

మన సినిమాల్లో విలన్ గారి ఇంటిని గుర్తుపట్టడం చాలా తేలిక. హాల్లో ఒక పక్క మెట్లు వంపు తిరిగి ఉంటాయి. ఇంకో పక్క అద్దాల బీరువా నిండా రంగురంగుల సీసాలు మెరుస్తుంటాయి. ఆసామి సిల్కు గౌను వేసుకుని, ఒక సీసాలోంచి ఇంత, మరో సీసాలోంచి ఇంత వంచి, రెండు ఐసు ముక్కలు టంగుమనిపించి, "బాస్, సరుకు దిగింది" అనే కబురు కోసం ఎదురు చూస్తుంటాడు. ఇక క్లబ్బు డాన్సుల సంగతి చెప్పనే అక్కర్లేదు. జ్యోతిలక్ష్మి, జయమాలినిల కాలంలో గ్లాసు లేని క్లబ్బు పాట ఎక్కడుంది గనక?

"కాక్‌టెయిల్" అనే మాట మన కుర్రకారు చెవిన మొదట పడింది అక్కడే. అందుకే అదేదో బోలెడు డబ్బూ, బోలెడు సీసాలూ, కాస్తంత దుర్మార్గమూ ఉంటే తప్ప కుదరని వ్యవహారమని చాలామంది నమ్మకం. నిజానికి నాలుగు వస్తువుల్ని ఒక పద్ధతి ప్రకారం కలిపితే అదే కాక్‌టెయిల్. ఆ నాలుగూ ఇంట్లో ఉన్నవే అయితే మరీ మంచిది.

ఈ ముక్క పుస్తకాల్లో చదివితే ఒంటబట్టదు. గోవా వెళ్ళాలి. బీచికి కాదు, పెరట్లోకి!

సీసాలో రంగు నీళ్ళు, కడుపులో పెరుగన్నం

వెళ్ళేముందు మన ఇంటి సంగతి ఒకటి చెప్పుకుందాం. తెలుగు తెరమీద తాగుడుకి చిరునామా అంటే 1953 నాటి "దేవదాసు". అక్కినేని ఆ బరువైన రెప్పలూ, ఆ తూలుడూ చూసి, నిజంగానే పుచ్చుకుని నటించారని జనం అనుకున్నారు. అసలు సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆ సీన్లు రాత్రిపూట తీసేవారట. కడుపునిండా పెరుగన్నం తిని కెమెరా ముందుకొస్తే, నిద్రమత్తుకి రెప్పలు వాటంతట అవే వాలేవట! అంటే తెలుగువాణ్ణి తరతరాలుగా ఏడిపించిన ఆ మత్తు పెరుగన్నం మత్తన్నమాట.

తెరమీద గ్లాసు ఎప్పుడూ ఇంతే. అందులో రంగు నీళ్ళుంటాయి గానీ రుచి ఉండదు. హీరోకి బాధ వస్తే తాగుతాడు, విలన్‌కి సంతోషం వస్తే తాగుతాడు. ఆ గ్లాసులో ఏముందో, ఎవరు కలిపారో, పక్కన తినడానికేముందో ఏ సినిమా చెప్పదు. గోవా ఇళ్ళలో ముందుగా అడిగే ప్రశ్నలు ఆ మూడే.

బ్రగాంజా గారి ఘాటు రోడ్డు

తెలుగువాళ్ళకి గోవా దగ్గరి దారి అమరావతి ఎక్స్‌ప్రెస్. విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా హుబ్బళ్ళి దాటి వాస్కో చేరుతుంది. కాసిల్ రాక్ స్టేషన్ దాటాక బండి పడమటి కనుమలు దిగడం మొదలెడుతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో సొరంగాలు. దూద్‌సాగర్ జలపాతం దగ్గర పెట్టెలోని జనమంతా ఒకే కిటికీ వైపు ఒరుగుతారు. నేను వెళ్ళింది ఏప్రిల్‌లో. వానాకాలంలో పాలసముద్రంలా దూకే జలపాతం అప్పుడు సన్నటి దారంలా వేలాడుతోంది.

ఈ కనుమ దారి పేరు బ్రగాంజా ఘాట్. ఎక్కడో విన్నట్టుంది కదూ? 1973లో వచ్చిన "బాబీ"లో డింపుల్ తండ్రిగా ప్రేమ్‌నాథ్ వేసిన పాత్ర పేరు జాక్ బ్రగాంజా. గోవా చేపలవాడు, మంచివాడు, గొంతు పెద్దది, చేతిలో గ్లాసు. ఆ తర్వాత చాలాకాలం హిందీ సినిమాల్లో గోవా మనిషంటే అదే అచ్చు. 1978లో మనల్ని ఉర్రూతలూపిన "మరోచరిత్ర"ని బాలచందర్ 1981లో "ఏక్ దూజే కే లియే"గా హిందీలో తీసినప్పుడు, విశాఖ సముద్రం ఒడ్డున నడిచిన కథని గోవా సముద్రం ఒడ్డుకి మార్చారు. అంచేత మనవాళ్ళ బుర్రలో గోవా అంటే సముద్రం, ప్రేమ, సీసా. అంతే!

ఈ మూడూ బీచిలో పుష్కలంగానే ఉన్నాయి. అక్కడి ఒకానొక హోటల్లో నీలం రంగు కాక్‌టెయిల్ ఒకటి ఇచ్చారు. పైన బుల్లి కాగితం గొడుగు, అంచున అనాసపండు ముక్క. బిల్లు చూస్తే నిజం గొడుగే కొనుక్కోవచ్చనిపించింది. రుచి చూస్తే పంచదార పాకంలో దగ్గుమందు కలిపినట్టుంది. ఆ గ్లాసులో గోవాది ఒక్క చుక్క కూడా లేదు. ఆ రంగు సీసా ఏ దేశాన్నుంచి వచ్చిందో, అనాస ఏ డబ్బాలోంచి వచ్చిందో!

మర్నాడే బీచికి నమస్కారం పెట్టి, మాపుసా దగ్గరి పల్లెలో గది అద్దెకిచ్చే ఒక ఇంట్లో దిగాను.

కొమ్మమీది పండు కోయరు

ఆ ఇంటి విశేషం తర్వాత చెబుతాను. ముందు పండు సంగతి.

మనం జీడిమామిడి అంటాం, వాళ్ళు కాజూ అంటారు. ఈ చెట్టు మనదీ కాదు, వాళ్ళదీ కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి తెచ్చి పశ్చిమ తీరంలో నాటారు. పోర్చుగీసువాళ్ళు 1961 డిసెంబరు 19న గోవా విడిచిపెట్టాల్సి వచ్చింది. చెట్టు మాత్రం ఉండిపోయింది. కొండవాలు మీద ఎవరూ పట్టించుకోకపోయినా పెరుగుతుంది. ఫిబ్రవరి చివర పండ్లు మొదలై, మే నెలాఖరుకి, తొలకరి పడేలోగా అయిపోతాయి.

సత్తరి తాలూకా అంటే జీడి కొండల సీమ. వాళ్పై ఊరికి బస్సులో వెళ్ళి, అక్కణ్ణుంచి ఒక బట్టీకి చేరుకున్నాను. దారి అడగనక్కర్లేదు, వాసన పట్టుకుని పోవచ్చు. పండిన జీడిపండు వాసన సంగతి ఉద్దానంవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళకి ఎలా చెప్పాలి? మగ్గిన జామపండు గదిలో పెట్టి తలుపేసినట్టు ఉంటుందనుకోండి.

ఇక్కడి మొదటి రూలు, కొమ్మమీది పండు కోయకూడదు. తనంతట తాను రాలిన పండే పనికొస్తుంది. పొద్దున్నే ఆడవాళ్ళు చెట్లకింద తిరుగుతూ బుట్టల్లోకి ఏరుతారు. గింజ మెలిపెట్టి వేరు చేసి, పండుని తొట్టెలో వేస్తారు. రాతిలో తొలిచిన ఆ తొట్టెని కొళంబి అంటారు. అందులో మనుషులు కాళ్ళతో తొక్కుతారు. ఇప్పుడు చాలాచోట్ల మిషన్లు వచ్చాయి. తొక్కగా మిగిలిన పిప్పిని ముద్దగా పేర్చి పైన బరువు పెడితే, చుక్కచుక్కగా తేటరసం దిగుతుంది. దానిపేరు నీరొ. మన తాటి నీరాకి చుట్టం పేరులా ఉంది కదూ! ఇందులో మత్తు లేదు. చల్లగా తాగితే తియ్యగా, చివర కాస్త వగరుగా ఉంటుంది. పిల్లలకీ ఇస్తారు.

తొక్కిన రసాన్ని కుండల్లో పోసి రెండుమూడు రోజులు వదిలేస్తారు. ఈస్టు వెయ్యరు, పంచదార కలపరు. దానంతట అదే పొంగుతుంది. ఆ తర్వాత బట్టీ. రసాన్ని పెద్ద కుండలో మరిగించి, ఆ ఆవిరిని గొట్టం ద్వారా ఇంకో పాత్రలోకి పంపి, ఆ పాత్రమీద చన్నీళ్ళు పోస్తూ ఉంటే ఆవిరి చుక్కలై దిగుతుంది. మొదటిసారి దిగింది ఉర్రాక్. దాన్ని మళ్ళీ బట్టీకెక్కించి దింపితే ఫెని. ఉర్రాక్‌లో మత్తు తక్కువ, దాదాపు 15 శాతం. అదీ బట్టీకో లెక్క. ఫెనిలో 40 శాతం పైమాటే.

ఫెని అన్న పేరు నురుగు అనే అర్థం ఉన్న కొంకణి మాట నుంచి వచ్చిందంటారు. మన సంస్కృతం మాస్టారు చెప్పిన "ఫేనం" కూడా అదే. సీసా గిలకొడితే లేచే బుడగల్ని చూసి సరుకు ఘాటెంతో పాతకాపులు లెక్క కట్టేవారు. కాజూ ఫెనికి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2016లో గోవా ప్రభుత్వం ఫెనిని తమ రాష్ట్ర వారసత్వ పానీయంగా ప్రకటించింది.

ఉర్రాక్‌కి మాత్రం ఈ హోదాల గొడవ లేదు. అది వేసవి చుట్టం. నిలవుండే రకం కాదు. చెట్టుకింద పండు రాలినన్నాళ్ళే దాని సంబరం. సంక్రాంతికి తేగల్లాగా, ఏప్రిల్లో ముంజల్లాగా, ఆ నెలలో అక్కడుంటేనే దక్కుతుంది.

ఆంటీ వంటింట్లో

ఇక ఆ ఇంటికొద్దాం. ఎర్రరాతి గోడలు, పెంకుల కప్పు, ముందు ఒక అరుగు. రెండువైపులా కూర్చోడానికి సిమెంటు బల్లలున్న ఆ అరుగుని బల్కావ్ అంటారు. పెరట్లో జీడిచెట్టు ఒకటి, నిమ్మచెట్టు ఒకటి, కోకం చెట్టు ఒకటి, కొబ్బరిచెట్లు మూడు, కుండీలో పచ్చిమిరప మొక్కలు. ఇంటావిడకి డెబ్బై దాటాయి. "ఆంటీ" అని పిలిచాను. ఆవిడ నన్ను "బాబా" అంది. అక్కడ అబ్బాయిలందరూ బాబాలే.

సాయంత్రం ఆరు దాటాక ఆంటీ అరుగు మీదికొచ్చి, "బాబా, ఉర్రాక్ తాగుతావా?" అంది, మనింట్లో "కాఫీ కలపనా?" అన్నంత మామూలుగా. నేను నెల్లూరు సీమలో చదువుకున్నవాణ్ణి. అమ్మమ్మ వయసావిడ నోట ఆ ప్రశ్న వింటే ఒక్క క్షణం ఏం చెప్పాలో తోచలేదు. "కొంచెం" అన్నాను.

"ముందు తిను" అంది ఆంటీ. పళ్ళెంలో వేయించిన కానాగంతలు, ఉల్లిపాయ ముక్కలు వచ్చాయి. నేను సగం తిన్నాకే వంటింట్లో గ్లాసు చప్పుడయింది. ఎలా కలుపుతారో చూడాలని లేచి వెళ్ళాను.

చిన్న స్టీలు గ్లాసుతో ఒక కొలత ఉర్రాక్, సుమారు 60 మిల్లీలీటర్లు, పెద్ద గాజు గ్లాసులో పోసింది. పెరటి నిమ్మకాయ చెక్క పిండి, తొక్క కూడా అందులోనే వేసింది. చిటికెడు ఉప్పు. ఒక పచ్చిమిర్చిని నిలువునా చీల్చి, గింజలు దులిపి, సగం ముక్క. గ్లాసు నిండుగా ఐసు. చివర లింకా. అంచు వెంబడి మెల్లిగా పోసి, చెంచాతో ఒక్కసారి తిప్పింది. అయిపోయింది! గొడుగు లేదు, అనాస లేదు.

రుచి? మొదట నిమ్మ పులుపు, వెంటనే తీపి, దాని వెనకాల ఉప్పు, మింగాక గొంతులో జీడిపండు వగరు. అన్నీ అయిపోయాయనుకున్నాక తీరిగ్గా వచ్చింది పచ్చిమిర్చి, లాస్టు రీల్లో పోలీసుల్లాగా.

ఒక సంగతి గమనించాను. సీసా వంటింటి గడప దాటలేదు. గ్లాసు మాత్రమే అరుగు మీదికొచ్చింది. కారణం అడిగితే ఆంటీ నవ్వి, "సీసా బల్లమీద పెడితే కొలత తాగేవాడి చేతిలో ఉంటుంది బాబా. ఇక్కడుంటే నా చేతిలో ఉంటుంది" అంది.

రెండో గ్లాసు అడిగితే రేపు అంది. మర్నాడు సాయంత్రం అదే ఉర్రాక్‌లో లింకా బదులు కోకం రసం, సోడా కలిపింది. మొన్న బజార్లో లింకా అయిపోయిందట. ఎర్రగా, పుల్లగా, మొదటిదానికంటే ఇదే నాకు నచ్చింది. "పెరట్లో ఏముంటే అదే" అంది ఆంటీ.

పంచ్ అంటే అయిదు

ఆ గ్లాసుని ఒకసారి లెక్క పెట్టండి. మత్తు ఒకటి, పులుపు రెండు, తీపి మూడు, నీళ్ళు నాలుగు, కారం అయిదు. ఉప్పుని ఎక్కడైనా కలుపుకునే మర్యాదస్తుడిగా లెక్క వదిలేద్దాం.

ఈ అయిదు లెక్క కొత్తది కాదు. కాక్‌టెయిల్‌కి తాతలాంటి పానీయం ఒకటుంది, పంచ్ అని. సారా, నిమ్మరసం, పంచదార, నీళ్ళు, మసాలా దినుసు, ఈ అయిదూ కలిపేవారు గనక మన "పంచ" నుంచే ఆ పేరు వచ్చిందని చాలామంది చెబుతారు, కాదన్నవాళ్ళూ ఉన్నారు. ఓడల్లో వచ్చిన ఇంగ్లీషువాళ్ళకి స్వదేశపు బీరు ఎండకి పాడైపోయేది. రేవులో దొరికిన సారాలో రేవులో దొరికిన నిమ్మకాయ పిండుకున్నారు. ఉన్నదాంతో సర్దుకోవడమంటే అదే మరి!

తమాషా ఏమిటంటే, ఇంగ్లీషు రాతల్లో ఈ పానీయం పేరు మొట్టమొదట కనిపించేది 1632 సెప్టెంబరు నాటి ఒక ఉత్తరంలో. ఆ ఉత్తరం ఎవరికనుకున్నారు? పెటపోలిలో ఉన్న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగికి. పెటపోలి అంటే మన నిజాంపట్నం, ఇప్పటి బాపట్ల జిల్లాలోది! 1611లోనే కంపెనీ ఓడ అక్కడికి వచ్చింది. ఇవాళ ఆ రేవులో చేపల పడవలు తప్ప ఇంకేం కనిపించవు గానీ, పంచ్ జాతకం రాస్తే పుట్టిన ఊరి గడిలో ఆ పేరు కూడా రాయాలి.

కాక్‌టెయిల్ అన్న మాటకి అర్థం అచ్చులో వచ్చింది చాలా తర్వాత, 1806లో, న్యూయార్క్ రాష్ట్రపు ఒక చిన్న పత్రికలో. మద్యం, పంచదార, నీళ్ళు, చేదు దినుసుల అరకు కలిపినదని రాశారు. మళ్ళీ అదే లెక్క. ఆ తర్వాత పుట్టిన వందల పేర్లన్నీ ఈ నాలుగైదు రుచుల పేకముక్కల్ని రకరకాలుగా కలిపి పంచినవే.

ఎందుకు కలుపుతారో తెలిస్తే

సూత్రం తెలిస్తే సీసాల బీరువా అక్కర్లేదు. ఆంటీ చేసిన ప్రతి పనికీ ఒక కారణముంది.

ఉప్పు ఎందుకు? చేదుని, వగరుని నాలుకకి తెలియకుండా మెత్తబరుస్తుంది. జామకాయ మీద ఉప్పు చల్లుకునేవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

పచ్చిమిర్చి గింజలు దులపడం ఎందుకు? మిరపలోని ఘాటు నీళ్ళలోకంటే మద్యంలో తేలిగ్గా దిగుతుంది. గింజల్ని అంటుకున్న తెల్ల పొరలోనే కారమంతా ఉంటుంది. మొత్తం కాయ వేసి పది నిముషాలు ఊరుకుంటే ఆ గ్లాసుకి దణ్ణం పెట్టాల్సిందే.

సోడాగానీ లింకాగానీ చివర ఎందుకు? ముందు పోసి గిరగిరా తిప్పితే గ్యాసంతా ఎగిరిపోతుంది. అంచునుంచి పోసి ఒక్కసారి తిప్పాలి, అంతే.

ఐసు నిండా ఎందుకు? తక్కువ వేస్తే గబగబా కరిగి గ్లాసు చప్పబడుతుంది. ఎక్కువ వేస్తే చల్లగా ఉండి నెమ్మదిగా కరుగుతుంది. పిసినారితనం పనికిరాని చోటు అదొక్కటే.

కొలత ఎందుకు? ఇది అన్నిటికంటే ముఖ్యం. 15 శాతం ఉర్రాక్ 60 మిల్లీలీటర్లలో అసలు మద్యం 9 మిల్లీలీటర్లు. 42 శాతం ఫెని 30 మిల్లీలీటర్లలో సుమారు 12న్నర. అందుకే ఫెని అయితే ఆంటీ సగం కొలతే పోస్తుంది. ఇప్పుడు మన సినిమా హీరో బాధలో ఒకే గుక్కలో ఎత్తే క్వార్టరు సీసా, అంటే 180 మిల్లీలీటర్లు, లెక్క కట్టండి. అందులో అసలు మద్యం 75 మిల్లీలీటర్లు. అంటే ఆంటీ కలిపే ఉర్రాక్ గ్లాసులు ఎనిమిది ఒక్క గుక్కలో! తెరమీద అది రంగు నీళ్ళు గనక హీరో ఆ తర్వాత పాట పాడతాడు. బయట ఎవరైనా చేస్తే పాటకి బదులు ఆస్పత్రే.

ఇంకో మాట. కలపడం ఇంటి పని, కాచడం లైసెన్సున్నవాడి పని. పేరూ ఊరూ లేని సీసాలో ఏ విషం కలిసిందో కంటికి కనపడదు. కల్తీ సారా కళ్ళు తీస్తుంది, ప్రాణాలు తీస్తుంది. ఉర్రాక్ మోజులో సీసా సంచీలో వేసుకుని బండెక్కుదామనుకునేవాళ్ళు, సరిహద్దు దాటించడానికి ఎక్సైజు నిబంధనలున్నాయని గుర్తుంచుకోవాలి. ఎలాగూ నిలవుండదు గనక ఆ చుట్టాన్ని వాళ్ళూళ్ళోనే పలకరించి రావడం మర్యాద.

అక్కడి అరుగు, ఇక్కడి కన్నీళ్ళు

ఇదంతా చదివి, "ఏమయ్యా, తాగుడుని ఇంత ముద్దుగా రాస్తావా?" అని ఎవరైనా కోప్పడితే ఆ కోపంలో న్యాయముంది. నేను పెరిగిన నెల్లూరు సీమలో సారా అన్న మాటకి రుచి అన్న అర్థం లేదు. కూలి డబ్బులు ఇంటికి రాకపోవడం, రాత్రి పూట అరుపులు, ఇదే దాని అర్థం. 1992లో దూబగుంట ఆడవాళ్ళు, అక్షరదీపం చదువుల్లో సారా వ్యతిరేక పాఠం చదివి, మా ఊళ్ళో దుకాణం వద్దని అడ్డం తిరిగారు. వాళ్ళు వెలిగించిన నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో, తెరమీద ఎన్ని పాత్రలు వేసినా ముఖ్యమంత్రి పాత్రలో ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997లో దాన్ని సడలించారు.

మరి ఒకేరకం వస్తువు అక్కడ అరుగు మీద మర్యాదగా, ఇక్కడ వీధిలో శాపంగా ఎందుకుంది? ఆంటీని ఇదే అడిగాను. ఆవిడ వెంటనే జవాబివ్వలేదు. కాసేపయ్యాక, వాళ్ళూళ్ళోనూ తాగి చెడిన ఇళ్ళు ఉన్నాయని, వాళ్ళన్నయ్య అలాగే పోయాడని చెప్పింది. "అందుకే సీసా వంటింట్లో ఉంటుంది" అంది.

అంటే గోవా గాలిలో ఏ మహత్తూ లేదన్నమాట. ఆ గ్లాసుకి చుట్టూ కంచెలున్నాయి. కడుపులో తిండి, చేతిలో కొలత, పక్కన మనుషులు, రేపటిదాకా ఆగడం. మన సారా దుకాణంలో ఈ నాలుగూ ఉండేవి కావు. ఖాళీ కడుపు, చేతిలో సీసా, ఒంటరి గుక్క, అప్పు. మన ఆడవాళ్ళు దుకాణం మీద పడ్డారు గానీ, అసలు వాళ్ళు అడిగిందీ, ఆంటీ వంటింట్లో చేస్తున్నదీ ఒక్కటే. కొలత ఇంటివాళ్ళ చేతిలో ఉండాలి. అది చేతిలో లేనప్పుడు దుకాణం మూయించడం తప్ప ఆ తల్లులకి ఇంకో దారి లేదు. గోవాలో ఒక వారం గడిపాక కూడా నేను వాళ్ళ పక్షమే. ఇంకాస్త గట్టిగా.

పలాసలో రాలిన పండు

తిరుగు ప్రయాణంలో నన్ను తొలిచింది ఇంకోటి. జీడిపప్పు అంటే మనకి పలాస. ఉద్దానం తోటలు, కాశీబుగ్గ ఫ్యాక్టరీలు, దేశమంతా పోయే పప్పు. మరి ఆ పప్పుతో పుట్టిన పండో? చాలావరకు గింజ తిప్పి తీసుకుని, పండుని చెట్టుకిందే వదిలేస్తాం. నారింజకంటే ఎక్కువ విటమిన్ సి ఉన్న పండు చీమల పాలు! ఒకటి రెండు రోజుల్లో చెడిపోతుంది, గొంతు వగరు పట్టేస్తుంది, నిజమే. గోవాలోనూ అదే పండు, అదే వగరు. వాళ్ళు రాలిన రోజే పిండుతున్నారు.

దాంతో సారా కాయమని నా ఉద్దేశం కాదు. నీరొ ఉంది కదా! మత్తులేని తేటరసం. ఆ సీమ రోడ్ల మీద వేసవిలో చల్లటి జీడిపండు రసం అమ్మే బండి ఒక్కటి పెడితే ఎలా ఉంటుంది? నిమ్మ, ఉప్పు, ఐసు ఎలాగూ ఉన్నాయి.

మన రెండు రాష్ట్రాల్లోనూ 21 నిండనివాళ్ళకి మద్యం అమ్మకూడదు. ఈ పేజీ చదివేవాళ్ళలో సగంమంది ఆ లెక్కలోకే వస్తారు. మిగతా సగంలో ముట్టనివాళ్ళే ఎక్కువ. అందరికీ పనికొచ్చే గ్లాసు ఒకటి చెబుతాను. రాయలసీమ మిత్రులకి తెలిసిందే, నన్నారి పాకం రెండు చెంచాలు. నిమ్మచెక్క ఒకటి, తొక్కతో సహా. చిటికెడు ఉప్పు. గింజలు దులిపిన పచ్చిమిర్చి సగం ముక్క. గ్లాసు నిండా ఐసు. చివర గోలీసోడా, అంచు వెంబడి. ఒక్కసారి తిప్పండి. నన్నారి లేకపోతే బెల్లం పాకం, నిమ్మకాయ లేకపోతే పచ్చిమామిడి తురుము పిండిన రసం, పచ్చిమిర్చి వద్దనుకుంటే నాలుగు మిరియాలు దంచి వెయ్యండి.

మిరియాలు, బెల్లం అనగానే మీకు ఇంకోటి గుర్తొచ్చి ఉండాలి. నీళ్ళు, బెల్లం, మిరియాలు, యాలకులు, నిమ్మరసం. లెక్క పెడితే మళ్ళీ అయిదే! గోవా కొండల మీద జీడిపండు రాలే ఆ రోజుల్లోనే మన వీధి పందిళ్ళలో శ్రీరామనవమి పానకం బిందెలు నిండుతాయి. ఇంట్లో ఉన్నదాంతో కలిపి, ముందు ఎదుటివాడికిచ్చి తర్వాత తాను తాగే పద్ధతి మనకి ఏ క్లబ్బు డాన్సూ నేర్పలేదు. ఈ వేసవిలో ఎవరైనా ఇంటికొస్తే సీసా కోసం కాదు, పెరట్లోకి చూడండి. కొలత గ్లాసు మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.